1962 నాటి ట్రైలర్ లోపలి చెక్క గోడ: మరక పోతుందా, పలకే మార్చాలా?

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో ఉంటాం. పోయిన నెల 1962 నాటి షాస్టా కంపెనీ ట్రైలర్ కొన్నాం, అంటే కారు వెనక తగిలించుకుని లాక్కెళ్లే చిన్న ఇల్లు, వెనక రెక్కలుండే రకం. లోపల గోడలన్నీ బర్చ్ ప్లైవుడ్, తేనె రంగు. ఆ రంగు చూసే మనసు పారేసుకున్నాం. తెల్ల పెయింట్ కొట్టేయమంటున్నారు గానీ నాకు ప్రాణం ఒప్పడం లేదు.

వెనక కిటికీ కింద నీళ్లు దిగి జానెడు మేర నల్లమరక పడింది. వేలితో నొక్కితే అంచు దగ్గర ప్లై పొరలుగా లేస్తోంది, మిగతాది గట్టిగానే ఉంది. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో ఓ మూల రుద్దితే పూత కరిగి గుడ్డకు అంటింది. అంటే షెల్లాకే, మన లక్కే అనుకుంటున్నా.

ముందు లీకు ఆపాలి కాబట్టి కిటికీ ఊడదీసి నీళ్లు దిగకుండా చుట్టూ కొత్త బ్యూటైల్ టేపు (జిగురు రబ్బరు పట్టీ) వేస్తున్నా. ఆ తర్వాతే సందేహం. ఇంత పాత మరక ఆక్సాలిక్ యాసిడ్‌తో పోతుందా? పై పొర బాగా పల్చన, అక్కడొక్కచోటే తెల్లబడి మిగిలిపోతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పలక మార్చాలంటే బయటి అల్యూమినియం రేకు విప్పక తప్పదా, లోపలి నుంచే అతుకు వేయొచ్చా? ఈ పని చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి. ఫొటోలు కావాలంటే పెడతాను.