ఆర్బెరెష్ జనాభాలో ఎవరిని లెక్కపెట్టాలి?

నల్లరేగడి: ఇటలీ దీవి సిసిలీలోని పలెర్మోలో చదువుతున్నాను. దగ్గర్లోనే ప్యానా దెల్యి అల్బనేజి అనే ఊరుంది. 15వ శతాబ్దంలో ఒట్టోమన్ సైన్యాలు అల్బేనియాను ఆక్రమిస్తుంటే సముద్రం దాటి వచ్చినవాళ్లు 1488లో కట్టుకున్న ఊరు. తమను ఆర్బెరెష్ అనుకుంటారు. దక్షిణ ఇటలీలో ఇలాంటి ఊళ్లు దాదాపు యాభై. జనాభా సుమారు లక్ష అని తరచూ రాస్తుంటారు. అందులో ఆర్బెరెష్ భాష రానివాళ్లనూ కలుపుతున్నారు. నాకది సరికాదనిపిస్తుంది. భాష పోయాక మిగిలేది ఇంటిపేరే కదా!

గోదారిగట్టు: ఒప్పుకోనండి. అదే సిసిలీలో మెజ్జోయూసో ఉంది. అక్కడ ఆర్బెరెష్ మాట ఎప్పుడో పోయింది, కానీ పూర్వీకులు తెచ్చుకున్న బైజాంటైన్ (తూర్పు క్రైస్తవ) పద్ధతి పూజలు ఇప్పటికీ జరుగుతున్నాయి. దక్షిణ ఇటలీలోనే పూలియా ప్రాంతంలోని శాన్ మర్జానోలో దీనికి తలకిందులు: భాష నిలిచింది, చర్చి మాత్రం లాటిన్ (పశ్చిమ క్రైస్తవ) పద్ధతికి మారిపోయింది. మీ కొలతతో చూస్తే మొదటి ఊరు మొత్తం లెక్కలోంచి పోతుంది. ఐదు వందల ఏళ్లు నిలబెట్టుకున్నదాన్ని అంత తేలిగ్గా ఎలా కొట్టేస్తాం?

చెట్టునీడ: అసలు ఇటలీ జనగణనలో మాతృభాష అడగరు. కాబట్టి ఆ లక్ష ఒక అంచనా మాత్రమే. ఇంకో పొరపాటు కూడా చూస్తున్నాను. 1991 తర్వాత అల్బేనియా నుంచి వలస వచ్చిన లక్షలమందిని కూడా కొందరు వీళ్లలో కలిపేస్తున్నారు. వాళ్లు తమను ష్చిప్తార్ అంటారు. ఆ పేరు వాడుకలోకి రాకముందే వీళ్లు ఇల్లు వదిలారు, అందుకే ఆర్బెరెష్ అనే పాత పేరు నిలిచింది.

నల్లరేగడి: పూజల సంగతి కాదనను. కానీ 1999లో ఇటలీ చేసిన 482వ చట్టం రక్షణ ఇచ్చింది భాషా మైనారిటీలకే. రేపు మాట్లాడేవాళ్లు పదివేలకు పడిపోయినా కాగితం మీద లక్ష అనే ఉంటే, ఎవరికి టెన్షన్ పుడుతుంది? బడిలో టీచర్‌ని ఎవరు అడుగుతారు?

చెట్టునీడ: టీచర్ వచ్చినా ఏది నేర్పాలి? అల్బేనియా రాజధాని టిరానాలో వాడే ప్రామాణిక అల్బేనియన్ నేర్పితే ఇంట్లో ముసలివాళ్ల మాటకు దూరమవుతుంది. ఊరి మాటే నేర్పాలంటే ఒక్కో ఊరిది ఒక్కో యాస. నా ఓటు ఊరి మాటకే.

నల్లరేగడి: నాదీ అదే. పక్కింట్లో అమ్మమ్మ ఆర్బెరెష్‌లో పిలుస్తుంది, మనవడు ఇటాలియన్‌లో జవాబిస్తాడు. రోజూ వింటున్నాను. వాడిని ఎటు వేస్తారు?

గోదారిగట్టు: పిలుపు అర్థమై పలికాడు కదండీ. భాష వచ్చినవాళ్లలోనే వేస్తాను.