మానసిక ఆరోగ్య సేవల ప్లానింగులో జబ్బు పడినవాళ్ళకి చోటుండాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి వైపు):
నేను మందులు తెచ్చుకునే ఆస్పత్రిలో మానసిక ఓపీ సరిగ్గా సంత రోజే పెడతారు. బేరం వదులుకుని ఎవరొస్తారు? వచ్చినోళ్ళని వరండాలో అందరి ముందూ "మెంటల్ కేసులు ఇటు రండి" అని కేకేస్తారు. ఇక మా వీధికి తెలియనిదేముంటుంది? రోజు, గది, పిలిచే పద్ధతి ఇవన్నీ ఖాయం చేసేటప్పుడు మాలాంటోళ్ళని కూర్చోబెట్టాలి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీలో మాకు చోటిచ్చింది. జిల్లా ప్లానింగులో ఎందుకు వద్దు?

గుణుపురం పెద్దోడు:
చెల్లెమ్మా, కేకేయడం తప్పే. కానీ కమిటీ దాకా ఎందుకు? మా తమ్ముడికి స్కిజోఫ్రీనియా. ఎక్కువైనప్పుడు తనకి జబ్బే లేదంటాడు. వాడేం సలహా చెప్తాడు? అర్ధరాత్రి బండి మాట్లాడుకుని విశాఖ దాకా పట్టుకెళ్ళింది నేను. కూర్చోబెడితే మమ్మల్ని కూర్చోబెట్టాలి.

రాయగడ మాస్టారు:
14416కి ఫోన్ చేస్తే టెలిమానస్ వాళ్ళు, అదే సర్కారు మానసిక ఆరోగ్య హెల్ప్‌లైను వాళ్ళు, తెలుగులోనే మాట్లాడతారు కదా.

మహేంద్రతనయ:
మాట్లాడతారు మాస్టారూ, మంచిదే. నెల మందులు తెచ్చుకోడానికి మళ్ళీ ఆ వరండాలోకే వెళ్ళాలి. పెద్దోడుగారూ, జబ్బు ముదిరినప్పుడు మీటింగుకి రమ్మని ఎవరన్నారు? కుదుటపడి పని చేసుకుంటున్నోళ్ళ గురించి అంటున్నాను.

గుణుపురం పెద్దోడు:
చట్టం మీరే ఎత్తారు, 74వ సెక్షను చూడండి. రివ్యూ బోర్డులో జడ్జి, కలెక్టరు ప్రతినిధి, ఇద్దరు డాక్టర్లు పోగా మిగిలిన రెండు సీట్లు రోగులకైనా ఇవ్వొచ్చు, చూసుకునేవాళ్ళకైనా, సంస్థలకైనా ఇవ్వొచ్చు. మీకే ఇవ్వాలని లేదు.

గుమ్మ బ్లాకు:
మా కొండ మీద సవరవాళ్ళకి ఒడియా అంతంత, తెలుగు అంతంత. వాళ్ళ తరఫున ఎవరు కూర్చుంటారు?

మహేంద్రతనయ:
ఆ బోర్డు హక్కుల మీద ఫిర్యాదులు వినేది, ఓపీ ఎలా నడవాలో చెప్పేది కాదు. రాష్ట్ర అథారిటీలో మా సీట్లు వేరు, మీ సీట్లు వేరు. ఊరికే వేరు చేశారా?

గుణుపురం పెద్దోడు:
అంటే మేము మీకు శత్రువులమా? సెక్షను సంగతి చెప్తే తప్పించుకుంటారేం?

మహేంద్రతనయ:
సరే, చెప్తాను. మా ఇంట్లో నాకు తెలియకుండా సాంబారులో మాత్ర నూరి కలిపేవారు. పగలంతా మగత, చేతులు వణుకు, మాట్లాడితే చొంగ. నాకేదో పెద్ద రోగమే పట్టిందని లోపల్లోపల చచ్చాను. ఆ కలిపినోళ్ళే రేపు నా తరఫున కుర్చీలో కూర్చుని "మా పిల్లకి ఇది కావాలి" అంటారా?

గుణుపురం పెద్దోడు:
నేనూ కలిపాను. అన్నంలో, చుక్కల మందు. కలపకపోతే వాడు రోడ్లు పట్టుకుని పోయేవాడు. మా అమ్మ గుమ్మం దగ్గరే పడుకునేది, వాడు దాటి వెళ్ళకుండా. మీరొచ్చి చూసుకునేవారా?

రాయగడ మాస్టారు:
ఇద్దరూ కాస్త నిదానించండమ్మా.

మహేంద్రతనయ:
మీరు చెడ్డవాళ్ళని అనలేదు. నెలకోసారి వేసే ఇంజెక్షను ఉంటుందని అప్పుడు మీకు ఒక్కరైనా చెప్పారా? మీ తమ్ముడితో కూర్చుని, ఇది వేయించుకుంటావా, అది మింగుతావా అని అడిగారా? మాలాంటోళ్ళు ప్లానింగులో ఉంటే మొదట అడిగేది అదే. ఇప్పుడాయన ఎలా ఉన్నాడు?

గుణుపురం పెద్దోడు:
షాపులో కూర్చుంటాడు. లెక్కలన్నీ వాడివే. చుక్కల సంగతి మాత్రం వాడి దగ్గర ఎత్తను. రెండు కుర్చీలు వేస్తే ఒకటి మాది. అంతకన్నా తగ్గను.

మహేంద్రతనయ:
ఉండనివ్వండి, మీకూ కావాలి. కానీ మా కుర్చీలో ఎవరు కూర్చోవాలో మీరు చెప్పకూడదు. వైద్యం దగ్గర మా తరఫున మాట్లాడే మనిషిని మేమే రాసిచ్చుకోవచ్చని 14వ సెక్షను అంటోంది. ఇక్కడా అంతే ఉండాలి. మీ తమ్ముడు వస్తానంటే రానిస్తారా?

గుణుపురం పెద్దోడు:
వాడిని నలుగురిలో నిలబెట్టను. వాడికింకా పెళ్ళి కాలేదు.

గుమ్మ బ్లాకు:
ఇందాకటి నుంచి అడుగుతున్నా. సవర మాట్లాడేవాళ్ళకి కుర్చీ ఉందా, లేదా?