మున్సిపల్ బడ్జెట్‌లో డబ్బున్నా సీసీ రోడ్డు ఎందుకు పడదు?

ప్రశ్న: తెలంగాణలో చిన్న మున్సిపాలిటీ. బడ్జెట్‌లో మిగులు చూపిస్తున్నారు, వార్డులో రోడ్డు అడిగితే నిధుల్లేవంటున్నారు. రెండూ ఎలా నిజమవుతాయి?

జవాబు 1: మిగులంతా ఒకే జేబులో ఉండదండీ. 2021-26కు కేంద్రం ఇచ్చిన 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. మిగతా 40 శాతంతో రోడ్డు వేయొచ్చు, జీతాలివ్వకూడదు అన్నారు. 2019 తెలంగాణ మున్సిపాలిటీల చట్టం ప్రకారం బడ్జెట్‌లో 10 శాతం హరిత బడ్జెట్‌కు, అంటే మొక్కల పెంపకానికి పోవాలి. జీతాలు, కరెంటు బిల్లులు సొంత ఆదాయంలోంచే. ఆస్తి పన్ను వసూలు కాకపోతే ముందు ఆగేది వార్డు పనులే. అందుకే అంచనా కాదు, గతేడాది అసలు వసూలెంతో చూడండి.

జవాబు 2: పని మంజూరయ్యాక అసలు కాపలా మొదలవుతుంది. ఎస్టిమేట్, ఎం-బుక్ (జరిగిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు సమాచార హక్కు కింద అడగండి. 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు, 150 మిల్లీమీటర్ల మందం అంటే 60 ఘనపు మీటర్ల కాంక్రీటు. మందం 130కి తగ్గితే 8 ఘనపు మీటర్లు మాయమైనట్టే! పైనుంచి చూస్తే తెలియదు, కోర్ (రోడ్డుకు రంధ్రం చేసి తీసే కాంక్రీటు ముక్క) తీయించాల్సిందే. అంచుల్లో మాత్రమే మందంగా పోసి మధ్యలో తగ్గించడం మామూలే, కాబట్టి కోర్ మధ్యలోంచి తీయమనండి.

జవాబు 3: ఇంకోటి. నీళ్ల పైపు, ఇంటి కనెక్షన్లు ముందే వేయించండి. లేదంటే కొత్త రోడ్డును ఆర్నెల్లకే తవ్వుతారు, పూడ్చిన చోట సరిగ్గా దిమ్మిస కొట్టక కుంగిపోతుంది.