సిమ్యులేషన్‌ని ‘అనుకరణ’ అంటే రైతుకు ఏమర్థమవుతుంది?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. మాదాపూర్‌లో ఓ చిన్న ఆఫీసులో ప్రకటనలకు తెలుగు రాస్తుంటాను. బోరు మోటార్ల స్టార్టర్ డబ్బాలు అమ్మే క్లయింటు తన సైట్లో బొమ్మ స్టార్టర్ ఒకటి పెట్టించాడు. పచ్చ బటన్ నొక్కితే తెర మీద మోటార్ తిరుగుతుంది. ఒక ఫేజు, అంటే మూడు కరెంటు లైన్లలో ఒకటి, తీసేస్తే ఎర్ర లైటు వెలిగి ఆగిపోతుంది. ఇంగ్లీషులో ‘ఇంటరాక్టివ్ ప్రొడక్ట్ సిమ్యులేషన్’ అని ఉంది. అనువాద యంత్రం ‘పరస్పర ఉత్పత్తి అనుకరణ’ అంది. ‘ఎంగేజ్‌మెంట్ పెరుగుతుంది’ అన్న వాక్యాన్నయితే ‘నిశ్చితార్థం పెరుగుతుంది’ అని చేసిపెట్టింది! సిమ్యులేషన్‌కి మంచి మాట చెప్పండి.

జవాబు: అనుకరణ అనగానే మనవాళ్ళకి గుర్తొచ్చేది మిమిక్రీ. వరంగల్ నేరెళ్ల వేణుమాధవ్ గారి ధ్వన్యనుకరణ విన్న తరానికి మరీను. స్టార్టర్ ఎవరి గొంతు తీస్తుందని అడుగుతారు. ‘మచ్చు’ అనండి, చక్కటి మాట.

జవాబు: మచ్చు కుదరదండీ. మచ్చు అంటే సరుకులోంచి తీసిన సరుకే. ఉస్మాన్‌గంజ్‌లో బస్తాకి గొట్టం గుచ్చి అరచేతిలో నాలుగు గింజలు రాల్చి చూపిస్తే, ఆ గింజలు వండుకోవచ్చు. మీ తెర మీది మోటార్ చుక్క నీళ్ళు తోడదు. పిల్లలు ఆడుకునే ‘ఉత్తుత్తి వంట’ ఉంది చూశారూ, సిమ్యులేషన్ అంటే అచ్చంగా అదీ.

జవాబు: అమ్మేవాడు బోర్డు మీద ‘ఉత్తుత్తి’ అని రాసుకుంటే బేరం అక్కడే పోయింది అన్నా.

జవాబు: అసలు నామవాచకం ఎందుకు వెతుకుతున్నాం? లాడ్‌బజార్‌లో గాజులాయన ‘తొడిగి చూడమ్మా’ అంటాడు. చీరల కొట్లో ‘భుజాన వేసుకుని చూడండి’ అంటారు. తిని చూడు, రాసి చూడు, విని చూడు. ఇలాంటి క్రియలకి తగిలిస్తే ‘చూడు’ ప్రయత్నాన్నే చెబుతుంది, కంటితో చూడటాన్ని కాదు. ఐకియా 2018లో హైటెక్ సిటీలో కొట్టు తెరిచింది. దానికి ముందు ఏడాదే ఫోన్ కెమెరాలో సోఫాని మన గదిలో నిలబెట్టి చూపే యాప్ తెచ్చింది. దాన్ని మా అమ్మకి ‘సోఫా మనింట్లో వేసి చూడొచ్చు’ అని చెప్పాను. వెంటనే అర్థమైంది. సిమ్యులేషన్ అన్న మాట నా నోటికే రాలేదు.

జవాబు: మరి ‘ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు’? వ్యాకరణం అదే. కానీ అక్కడ చూసేసరికి జేబు ఖాళీ!

పోస్టు పెట్టిన నేను: మీరన్న ఆ ఖర్చు దగ్గరే నాకు దారి దొరికింది సార్. మూడు ఫేజుల మోటార్ రెండింటి మీద తిరిగితే వైండింగ్ కాలిపోతుంది. ఆ సంగతి రైతుకి చెప్పక్కర్లేదు, కాలిపోయిన మోటార్‌ని బోరులోంచి పైకి తీయించిన బాధ తెలిసినవాడే. కొట్లో మోటార్ కాల్చి చూపలేం. తెర మీద ఎన్నిసార్లు ఫేజు తీసినా పైసా పోదు. అందుకని బటన్ మీద ‘ఒక ఫేజు తీసి చూడండి’ అని రాశాను. క్లయింటు ఒప్పుకున్నాడు గానీ, పైన ‘డెమో’ అని ఉండాల్సిందేనట. ఉంచాను, ఆ మాట ఊళ్ళోనూ తెలుసు.

జవాబు: నిశ్చితార్థం ఏమైంది మరి?

నేను: రద్దయింది అక్కా. ‘జనం ఆగి, నాలుగుసార్లు నొక్కి చూస్తారు’ అని మార్చాను.