గైడ్ డాగ్ గురించి పిల్లలకు చెప్పాలి: కళ్ళగంతలు కట్టాలా, వద్దా?

పలకాబలపం
న్యూజెర్సీలో ఆదివారం తెలుగు బడి. ఎనిమిది నుంచి పదేళ్ళ పిల్లలు పద్నాలుగు మంది, 45 నిమిషాల క్లాసు. మోరిస్‌టౌన్‌లోని సీయింగ్ ఐ సంస్థలో శిక్షణ పొందిన గైడ్ డాగ్‌తో, అంటే నడకలో తోడుండే కుక్కతో, చూపు లేని ఒకాయన వచ్చి పిల్లలతో మాట్లాడటానికి ఒప్పుకున్నారు. ఆ ముందు వారం పిల్లల్ని సిద్ధం చేయాలి. కళ్ళగంతలు కట్టి గదిలో నడిపిద్దామనుకుంటున్నాం, సరేనా? క్లాసు జరిగేది గుడి హాల్లో. ఇద్దరు పిల్లలకు కుక్కంటే భయం కూడా. ఏమేం చూసుకోవాలో చెప్పండి.

ఎడమచేతిపిడి
గంతలు వద్దండి. కళ్ళు కట్టేసిన మొదటి ఐదు నిమిషాల్లో ఎవరికైనా తెలిసేది భయం ఒక్కటే. తెల్లకర్రతో, చెవితో, పాదం కింద నేల తేడాతో ఏళ్ళ తరబడి నడక నేర్చిన మనిషి అనుభవం అది కాదు. పిల్లలు గంత విప్పేసి "పాపం, వాళ్ళేమీ చేయలేరు" అనుకుంటారు. మరుసటి వారం వచ్చే ఆయన్ని ఆ జాలితోనే చూస్తారు.

బదులుగా స్కేలు ఆట ఆడించండి. ఇద్దరిద్దరు పక్కపక్కన నిలబడాలి. ఎడమవైపు ఉన్నది కుక్క పాత్ర, అర అడుగు ముందుకు. మొదట అర మీటరు తాడు చెరో కొస పట్టుకుని నాలుగడుగులు. తర్వాత తాడు తీసేసి 30 సెంటీమీటర్ల చెక్క స్కేలు. కుడివైపు పిల్లలు పది సెకన్లు కళ్ళు మూసుకుంటే చాలు, అంతకు మించి వద్దు. తాడు వదులుగా వేలాడుతుంది, పక్కవాళ్ళు తిరిగిన సంగతి చేతికి ఆలస్యంగా అందుతుంది. స్కేలైతే వాళ్ళు తిరగగానే తెలిసిపోతుంది. గైడ్ డాగ్ ఒంటికి కట్టే హార్నెస్‌కు మెడతాడులా మెత్తటిది కాక గట్టి పిడి ఎందుకుంటుందో ఇక విడిగా చెప్పక్కర్లేదు.

రెండో ఆట ఇంకా ముఖ్యం. ఎక్కడికి వెళ్ళాలో కుడివైపు పిల్లకు మాత్రమే చెవిలో చెప్పండి. "ముందుకు, ఎడమకు, కుడికి" అనేది ఆ పిల్ల. కుర్చీలు తప్పించేది, అడ్డం వస్తే ఆగేది కుక్క పాత్ర. పిల్లలు పొరబడేది ఇక్కడే: కుక్కకు ఊరంతా తెలుసు, మనిషిని అదే తీసుకెళ్తుంది అనుకుంటారు. దారి మనిషి తలలో ఉంటుంది. ఎన్ని వీధులు దాటాలో, ఎక్కడ తిరగాలో ఆయనే లెక్క పెట్టుకుంటారు.

చివర్లో పొట్టి పిల్లను కుక్కగా, పొడుగు పిల్లను మనిషిగా జత చేయండి. ఇద్దరు పెద్దవాళ్ళు ఒక కాగితం రిబ్బన్ అడ్డంగా పట్టుకోవాలి, పొట్టి పిల్ల తలకు పైగా, పొడుగు పిల్ల నుదుటికి తగిలేలా. దాదాపు ప్రతి "కుక్కా" దాని కింద నుంచి వెళ్ళిపోతుంది, వెనక జతగాడికి తగులుతుంది. వేలాడే కొమ్మ దగ్గర తాను దూరగలదా అని కాక, తన మనిషికి తగులుతుందా అని చూడటం కుక్కకు ఎంత కష్టమైన పాఠమో అప్పుడు అర్థమవుతుంది.

పలకాబలపం
చాలా బాగుంది. సిగ్నల్ ఆట కూడా కలపవచ్చా? ఎర్ర కార్డు చూపిస్తే కుక్క ఆగేలా?

ఎడమచేతిపిడి
వద్దు, తప్పు నేర్పినట్టవుతుంది. కుక్కలకు నీలం, పసుపు తెలుస్తాయి కానీ ఎరుపు, ఆకుపచ్చల తేడా సరిగా తెలియదు. సిగ్నల్ చదవడం వాటి పని కాదు. తాను వెళ్ళే వైపుకే పక్కన వెళ్ళే బండ్లు కదిలిన చప్పుడు విని మనిషే "ముందుకు" అంటారు. ఆ క్షణంలో ఒక కారు మలుపు తిరిగి వస్తే కుక్క ఆ మాట వినకుండా నిలబడిపోవాలి. దీన్ని ఇంటెలిజెంట్ డిసొబీడియెన్స్ అంటారు, అంటే తెలిసి మాట వినకపోవడం. చప్పుడు చేయని ఎలక్ట్రిక్ కార్లు వచ్చాక దీని అవసరం మరీ పెరిగింది. పిల్ల "ముందుకు" అనగానే మీరు ఒక అట్టపెట్టెను కారులా అడ్డంగా తోయండి. ఆట అదే.

గుమ్మందగ్గర
గుడి సంగతి ముందే తేల్చుకోండి. సర్వీస్ డాగ్‌ను, అంటే ఇలా సాయపడే శిక్షణ పొందిన కుక్కను, లోపలికి రానివ్వాలనే ఏడీఏ (వికలాంగుల హక్కుల అమెరికా చట్టం) నియమం దుకాణాలకు, హోటళ్ళకు వర్తిస్తుంది కానీ మతసంస్థలకు మినహాయింపు ఉంది. హార్నెస్ తోలుది కావచ్చు, అది కూడా కమిటీకి చెప్పండి. కుదరదంటే లైబ్రరీ గది చూసుకోండి. ఆయన వచ్చాక గుమ్మంలో వాదన మాత్రం జరగకూడదు.

ఆ రోజు ఉదయం నేల బాగా ఊడ్వండి. జంతికల ముక్కలు కనిపిస్తే కుక్క మనసు పనిలో ఉండదు. ఎండుద్రాక్ష, చాక్లెట్ అయితే కుక్కలకు విషమే. ఒక గిన్నెలో నీళ్ళు, బయట కాస్త గడ్డి ఉన్న చోటు చూసి పెట్టండి. అలర్జీ ఉన్న పిల్లలెవరో ముందే అడగండి. భయపడే ఇద్దరినీ తలుపుకు దగ్గరగా, కుక్కకు దూరంగా కూర్చోబెట్టండి, ధైర్యం చెప్పి ముందుకు తోయకండి. హార్నెస్ ఉన్నంతసేపు ముట్టుకోవడం, పేరు పెట్టి పిలవడం, ఈల వేయడం ఏవీ కుదరవు. తీశాక కూడా ఆయన్ని అడిగాకే. మీరు ఆయనకు సాయం చేయాలంటే చెయ్యి పట్టి లాగకండి. అడిగి, మీ మోచేయి అందించండి.

పాతకాగితం
క్లాసులో చరిత్ర ఐదు నిమిషాలు చాలు. మొదటి ప్రపంచ యుద్ధంలో చూపు పోయిన సైనికుల కోసం 1916లో జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్‌లో తొలి గైడ్ డాగ్ శిక్షణ బడి మొదలైంది. అమెరికాకు చెందిన మోరిస్ ఫ్రాంక్ అనే యువకుడు స్విట్జర్లాండ్ వెళ్ళి బడ్డీ అనే జర్మన్ షెపర్డ్‌తో శిక్షణ పొంది, 1928లో విలేకరుల ఎదుట న్యూయార్క్‌లో రద్దీ వీధి దాటాడు. సీయింగ్ ఐ 1929లో పుట్టింది. ఆ ఇద్దరి కంచు విగ్రహం మోరిస్‌టౌన్ గ్రీన్‌లో ఉంది, పిల్లలు చేత్తో తడిమి చూడవచ్చు. కుక్కపిల్ల ఏడెనిమిది వారాల వయసు నుంచి ఏడాది దాటేదాకా ఒక మామూలు కుటుంబంలో పెరుగుతుందనీ, ఆ తర్వాత బడికి తిరిగి వెళ్తుందనీ చెప్తే మీ పిల్లలు తప్పకుండా "వాళ్ళు ఏడవరా?" అని అడుగుతారు. ఏడుస్తారని నిజమే చెప్పండి.

ఆరుచుక్కలు
మాట గురించి ఒక్కటి. తెలుగు బడి కాబట్టి "గుడ్డెద్దు చేలో పడ్డట్టు" లాంటి సామెత ఆ నెల పాఠంలో ఉంటే పక్కన పెట్టండి. "చూపు లేనివారు" అనండి. "పాపం" అసలే వద్దు. పది నిమిషాలు మిగిలితే బ్రెయిలీలో, అంటే వేళ్ళతో తడిమి చదివే ఆరు చుక్కల లిపిలో, "కల" రాయించండి: క అంటే 1, 3 చుక్కలు, ల అంటే 1, 2, 3. ఎడమ వరుసలో పై నుంచి కిందికి 1, 2, 3. కుడి వరుసలో 4, 5, 6. మందపాటి కాగితం కింద మెత్తటి గుడ్డ వేసి పెన్సిల్ మొనతో వెనక నుంచి పొడవాలి. వెనక నుంచి పొడుస్తారు కాబట్టి కుడి ఎడమలు తారుమారవుతాయి, అక్షరాలు కుడి నుంచి ఎడమకు రాయాలి. సగం మంది ఇక్కడే తప్పుతారు, అదనంగా పది కాగితాలు పెట్టుకోండి. ఆయన వచ్చిన రోజు ఆ కాగితాలు ఆయన చేతికివ్వండి, ఎవరిది సరిగ్గా ఉందో ఆయనే చదివి చెప్తారు, బ్రెయిలీ వచ్చో రాదో ముందే అడిగి పెట్టుకోండి.