వానాకాలంలో రెండో అంతస్తు దగ్గర లిఫ్టు ఆగిపోతోంది, బోర్డు మార్చాల్సిందేనా?

కంటోన్మెంట్ అపార్ట్‌మెంట్, విజయనగరం
మాది ఐదంతస్తుల అపార్ట్‌మెంట్. ఆరుగురి లిఫ్టు, 408 కిలోలు, పైన మెషిన్ రూము, ఆటోమేటిక్ డోర్లు. వానలు పట్టినప్పటి నుంచి పైకి వెళ్లేటప్పుడు రెండో అంతస్తు దాటుతూ ఒక్క కుదుపుతో ఆగుతోంది. నాలుగైదు సెకన్లకి నెమ్మదిగా కదిలి దగ్గర్లో ఉన్న అంతస్తులో తలుపు తీస్తోంది. ఒక్కోసారి రెండో అంతస్తులో తలుపు మూసుకున్నాక అసలు కదలదు, మళ్లీ తెరిచి మూస్తే వెళ్తుంది. మెయింటెనెన్స్ వాళ్లు కంట్రోలర్ మెయిన్ బోర్డు మార్చాలంటున్నారు. సిరిమానోత్సవానికి ఇళ్లనిండా చుట్టాలుంటారు, ఆలోగా తేల్చాలి. డబ్బు కట్టే ముందు వాళ్ల చేత ఏం చూపించాలి?

లిఫ్టు సర్వీసు, శ్రీకాకుళం
బోర్డు మాట ఇప్పుడే వద్దండి. బోర్డు పాడైతే రెండో అంతస్తునే వెతుక్కుని ఆగదు. ఆగే చోటు ఒక్కటే, వచ్చేది వానల్లోనే, తలుపు తెరిచి మూస్తే సర్దుకుంటోంది. ఈ మూడూ కలిశాయంటే ముందు ఆ అంతస్తు ల్యాండింగ్ డోర్ (వరండా వైపు తలుపు) లాక్‌నే చూడాలి.

అదేటంటే, అన్ని అంతస్తుల లాక్ కాంటాక్టులూ (లాక్ పడితే కలిసి కరెంటుని దాటనిచ్చేవి), కారు (మనం ఎక్కే గది) డోరు కాంటాక్టూ ఒకే దారానికి గుచ్చిన పూసల్లా సిరీస్‌లో ఉంటాయి. అందులో ఒక్కటి రెప్పపాటు విడిపోయినా బ్రేక్ కాయిల్‌కి కరెంటు పోయి బ్రేకు పడిపోతుంది. మీకు తగిలే కుదుపు అదే.

మెకానిక్కు చేయాల్సింది ఇదీ. మొదట కంట్రోలర్‌లో ఎర్రర్ లాగ్ తెరవాలి. డోర్ లాక్ తెగినట్టు కోడ్, దాని పక్కన అంతస్తు నంబరు కనిపించవచ్చు. తర్వాత లిఫ్టు కదలకుండా నిలిచిపోయిన సమయంలోనే మల్టీమీటర్ పెట్టాలి. చాలా ప్యానెళ్లలో ఈ పూసల దండ, అంటే సేఫ్టీ సర్క్యూట్, 110 వోల్టులది. మీ డ్రాయింగ్‌లో ఎంతుందో అదే లెక్క. నల్ల ప్రోబు కామన్‌లో ఉంచి, ఎర్రది వరసగా జరుపుకుంటూ పోవాలి: పిట్ (లిఫ్టు అడుగున ఉండే గుంత) స్విచ్చి, లిమిట్లు (పైనా కిందా హద్దు దాటకుండా ఆపే స్విచ్చులు), గవర్నర్ (వేగం మితిమీరితే ఆపేది) స్విచ్చి దాటాక, ల్యాండింగ్ లాకులు దాటాక, చివరికి కారు డోరు దాటాక. ఎక్కడ వోల్టేజి మాయమైతే లోపం అక్కడే. సున్నా కాకుండా 80, 90 దగ్గర ఊగుతుంటే అదీ లోపమే. కాంటాక్టు మీద చిలుము పట్టి కరెంటుకు అడ్డుపడుతోందన్న మాట.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. ఎవరైనా "ప్రస్తుతానికి" అని ఆ లాక్‌తో పని లేకుండా కరెంటు దాటేలా వైరు ముక్కతో జంపర్ వేస్తానంటే ఒప్పుకోవద్దు, దండం పెడతాను. తలుపు తెరిచి ఉన్నా లిఫ్టు కదులుతుంది. అడుగు లోపల పెట్టేసరికి కారు పైకి లేచిపోతే కింద ఉన్నది పిట్టే.

ఎరెక్షన్ ఫిట్టర్, బొబ్బిలి
పై ఆయన చెప్పిందానికి ఒకటి కలుపుతాను. తలుపు మూశాక కదలకపోవడం చిలుము వల్ల. కానీ వెళ్తూ వెళ్తూ ఆగడానికి ఇంకో కారణం ఉండొచ్చు. కారు డోరుకున్న క్యామ్ (అంతస్తులో ఆగినప్పుడు లాక్‌ని తెరిచే పట్టీ) ప్రతి అంతస్తులోనూ లాక్ రోలర్ల మధ్య నుంచి తగలకుండా దూరిపోవాలి. రోలర్ రబ్బరు ఒకవైపు అరిగి ఉంటే, లేదా గైడ్ షూ లైనర్లు (కారుని పట్టాల వెంట నిలిపి ఉంచే ముక్కలు) అరిగి కారు పక్కకి ఊగుతుంటే క్యామ్ రోలర్‌ని గీరుకుంటుంది. లాక్ కొక్కెం కాస్త లేస్తుంది, కాంటాక్టు విడిపోతుంది. కారు టాప్ మీద ఇన్‌స్పెక్షన్ మోడ్‌లో రెండో అంతస్తుని మెల్లగా దాటించి, రెండు పక్కలా సందు సమానంగా ఉందా అని చూడాలి. క్యామ్ మీద మెరిసే గీత కనిపిస్తే అదే సాక్ష్యం.

సిల్ గాడి (తలుపు కింది అంచు జారే గాడి) కూడా చూడండి. మన దగ్గర పొద్దున్నే బకెట్లతో వరండా కడిగి ముగ్గు వేస్తారు. ఆ నీళ్లు, ముగ్గుపిండి, ఇసుక అన్నీ గాడిలోకే చేరతాయి. డోరు చివరి రెండు మిల్లీమీటర్లు మూసుకోక కొక్కెం పూర్తిగా పడదు. నీళ్లు కింది అంతస్తు లాక్ మీదకి కారతాయి కూడా. మూడో అంతస్తు వాళ్లు కడుగుతున్నారేమో కనుక్కోండి.

కంటోన్మెంట్ అపార్ట్‌మెంట్, విజయనగరం
ఈ రోజు దగ్గరుండి చూపించాం. లాగ్‌లో డోర్ లాక్ కోడే ఉంది. రెండో అంతస్తు లాక్ ముందు 110, దాటాక 84 నుంచి 90 మధ్య ఊగుతోంది. కవరు తీస్తే ఇత్తడి బ్రిడ్జి (కాంటాక్టు రెండు కొనల్నీ కలిపే ముక్క) మీద పచ్చటి చిలుము, కవరు లోపల నీటి చారలు. ఒక రోలర్ రబ్బరు ఒకవైపు చీలి ఉంది. ఎమెరీ పేపరుతో రుద్దేస్తే సరిపోతుందంటున్నారు. నిజమేనా?

లిఫ్టు సర్వీసు, శ్రీకాకుళం
ఎమెరీ వద్దు. కాంటాక్టు మీద వెండి పూత ఉంటే అది కాస్తా లేచిపోతుంది, తర్వాతి వానకి ఇంకా తొందరగా చిలుము పడుతుంది. గ్రీజు, ఆయిల్ స్ప్రే కూడా పూయొద్దు, దుమ్ము పట్టి ఇన్సులేషన్‌లా తయారవుతుంది. కాంటాక్టు, బ్రిడ్జి రెండూ జతగా మార్పించండి. రోలర్లు కూడా రెండూ ఒకేసారి. బోర్డు ధరలో ఇది చాలా చిన్న ఖర్చు.

బిగించేటప్పుడు మెయిన్ స్విచ్చి ఆఫ్ చేసి తాళం వేయాలి. కాంటాక్టు కలిసే సమయానికి కొక్కెం కనీసం 7 మిల్లీమీటర్లు లోపల పడి ఉండాలి. ఆపైన బ్రిడ్జి మరో రెండు మూడు మిల్లీమీటర్లు నొక్కుకోవాలి. ఊరికే తాకి వదిలేస్తే చిన్న అదురుకే విడిపోతుంది.

ఎలక్ట్రికల్ పనులు, పార్వతీపురం
లాగ్‌లో అండర్ వోల్టేజి కోడ్ ఉండి ఉంటే కథ వేరుగా ఉండేది. ఆ అనుమానం ఎప్పుడైనా వస్తే ఖాళీ కారు కిందికి దిగుతున్నప్పుడు మూడు ఫేజులూ కొలవండి. కౌంటర్ వెయిట్ (తాడుకి రెండో కొనన ఉండే బరువు దిమ్మె) ఖాళీ కారు కంటే బరువు, దాన్ని పైకి లాగాలి కాబట్టి మోటారుకి అప్పుడే భారం ఎక్కువ.

ఎరెక్షన్ ఫిట్టర్, బొబ్బిలి
పని అయ్యాక ఊరికే రెండుసార్లు నడిపి వదిలేయనివ్వొద్దు. కింద నుంచి పైకి, పై నుంచి కిందికి ఇరవై ట్రిప్పులు తిప్పించండి, అందులో సగం రెండో అంతస్తులో ఆగకుండా. తర్వాత మెకానిక్కు చేతే ప్రతి అంతస్తులోనూ త్రికోణం తాళంచెవితో లాక్ కొద్దిగా లేపి పరీక్ష చేయించండి. లేపినంతసేపూ లిఫ్టు కదలకూడదు. ఏ అంతస్తులోనైనా కదిలిందంటే అక్కడ పాత జంపర్ ఏదో మిగిలి ఉన్నట్టే, అది తీసేవరకు లిఫ్టు ఆపేయండి. ఆ తాళంచెవి వాచ్‌మన్ దగ్గర ఉంటే వెనక్కి తీసుకోండి.