ఒంగోల్లో సీఎస్ఈ సీటా, పొలం మీద అప్పు తెచ్చి చెన్నై కాలేజీనా?

కొండపి అన్న (మంగళవారం, రాత్రి 9.40)

మా చెల్లికి ఇంజినీరింగ్ ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్‌లో 38 వేల ర్యాంకు వచ్చింది. చిన్నప్పటి నుంచీ కంప్యూటర్ సైన్సే (సీఎస్ఈ) చదువుతానంటోంది. కిందటేడు కటాఫ్‌లు చూస్తే ఒంగోలు చుట్టుపక్కల కాలేజీల్లో కన్వీనర్ కోటాలో, అంటే ర్యాంకును బట్టి ప్రభుత్వం నింపే సీట్లలో, సీఎస్ఈ వచ్చేట్టుంది. ఫీజు రీయింబర్స్‌మెంటు కూడా ఉంటుంది. నాన్న మాత్రం చెన్నైలో ఒక ప్రైవేటు యూనివర్సిటీకే పంపాలంటున్నాడు. మా బాబాయి కొడుకు అక్కడే చదివాడు. ఫీజు, హాస్టలు కలిపి ఏడాదికి నాలుగు లక్షలు. మాకున్నది నాలుగెకరాలు, ఒక పొగాకు బ్యారన్ (ఆకు ఆరబెట్టే కొట్టు). పొలం మీద బయట అప్పు తెస్తానని పాస్‌బుక్కు తీసి బల్ల మీద పెట్టాడు. నాకు మూడు రోజులుగా నిద్ర లేదు. కాదంటే చెల్లి చదువుకు అన్నే అడ్డుపడ్డాడని అంటారేమోనని భయం. ఔనంటే పొలం ఏమవుతుందోనని టెన్షన్. ఈ దారిలో నడిచినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ నాన్న (రాత్రి 10.15)

పంపండి. మా అబ్బాయిని నేను అలాగే పంపాను. పొద్దున పినాకిని రైలు ఎక్కితే మధ్యాహ్నానికి చెన్నై. అదేమన్నా పరాయి దేశమా? అక్కడ నాలుగు రాష్ట్రాల పిల్లలతో కలిసి ఉన్నాడు. ఇంగ్లీషులో తడబడేవాడు, రెండో ఏడాదికల్లా గడగడా మాట్లాడాడు. కంపెనీలు క్యాంపస్‌కే వచ్చాయి. ఇక్కడి కాలేజీల్లో రీయింబర్స్‌మెంటు సొమ్ము ఆలస్యమైతే చాలు, హాల్ టికెట్ ఇవ్వం, సర్టిఫికెట్లు ఇవ్వం అని పిల్లల మీద పడతారు. పొలం మళ్లీ కొనుక్కోవచ్చు, నాలుగేళ్ల వయసు మళ్లీ రాదు.

ట్రంక్ రోడ్డు అక్క (రాత్రి 11.05)

తమ్ముడూ, నేను నెల్లూరు జిల్లాలోనే ఒక మామూలు కాలేజీలో సీఎస్ఈ చదివాను. సాఫ్ట్‌వేర్‌లో పన్నెండేళ్లు అయింది. అయిదేళ్లుగా కొత్తగా చేరే పిల్లలను ఇంటర్వ్యూ చేస్తున్నాను. అప్పు తేవద్దనే చెబుతాను, కానీ ఇంటి దగ్గరి కాలేజీ ఏదైనా ఫరవాలేదని మాత్రం చెప్పను.

ముందు లెక్క చూడండి. ఏడాదికి నాలుగు చొప్పున నాలుగేళ్లకు పదహారు లక్షలు. బయట అప్పు నూటికి రూపాయిన్నర వడ్డీ అయితే నెలకు 24 వేలు వడ్డీకే పోతుంది. పెద్ద సర్వీస్ కంపెనీలు కొత్తవాళ్లకు ఇచ్చే జీతం ఏళ్ల తరబడి ఏడాదికి మూడున్నర లక్షల చుట్టూనే ఆగిపోయింది. చేతికి పాతిక వేలు వస్తే గొప్ప. అంటే మీ చెల్లి మొదటి జీతమంతా వడ్డీకే సరి, అసలు అక్కడే ఉంటుంది. ఒక పొగాకు సీజన్ దెబ్బతింటే ఆ అప్పు పక్కన పంట అప్పు కూడా వచ్చి కూర్చుంటుంది. ఆ సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు.

ఇక చదువు సంగతి. మా కాలేజీలో పేరుకు పెద్ద ల్యాబ్, సగం కంప్యూటర్లు పనిచేసేవి కావు. కానీ డేటా స్ట్రక్చర్స్ చెప్పిన మేడమ్ ఒకరుండేవారు. లింక్డ్ లిస్ట్ (ఒక్కో సమాచార ముక్క తన తర్వాతిది ఎక్కడుందో గుర్తుపెట్టుకునే గొలుసు) చెప్పాల్సిన రోజు మమ్మల్ని పన్నెండుమందిని వరండాలో వరసగా నిలబెట్టారు. ఒక్కొక్కరు ముందున్నవాళ్ల భుజం మీద చెయ్యి వేయాలి, అంతే. మధ్యలోకి కొత్త అమ్మాయి రావాలి. నేను తొందరపడి ముందున్నామె భుజం మీద నుంచి చెయ్యి తీసేసి కొత్తమ్మాయిని పట్టుకున్నాను. 'నీ ముందున్న ఏడుగురు ఏరి?' అన్నారు మేడమ్. ఎదురుగానే ఉన్నారు, కానీ వాళ్ల దాకా పోయే దారి లేదు. కొత్తగా వచ్చినామె ముందు అవతలివాళ్లను పట్టుకోవాలి, ఆ తర్వాతే నేను చెయ్యి మార్చాలి. అది నేను ఈ జన్మలో మరిచిపోను.

ఇప్పుడు ఇంటర్వ్యూల్లో అదే ప్రశ్న అడుగుతాను. రెజ్యూమెలో ఫేస్ రికగ్నిషన్ ప్రాజెక్టు, చాట్‌బాట్ ప్రాజెక్టు రాసుకుని వస్తారు. మధ్యలో ఒక నోడ్ (వరసలో ఒక మనిషి లాంటిది) చేర్చాలంటే ముందు ఏ పాయింటర్ (భుజం మీది చెయ్యి లాంటిది) మార్చాలమ్మా అంటే కళ్లల్లో నీళ్లు తిరుగుతాయి. వాళ్లలో లక్షలు పోసి చదివినవాళ్లూ ఉన్నారు, పల్లెటూరి కాలేజీవాళ్లూ ఉన్నారు. చెప్పిన పిల్లల్లోనూ రెండు రకాలూ ఉన్నారు. తేడా ఎక్కడొస్తోందంటే, ఆ సబ్జెక్టు ఒళ్లు వంచి చెప్పినవాళ్లు ఒకరైనా ఉన్నారా, ల్యాబ్‌లో ప్రోగ్రామ్ సొంతంగా రాశారా, పక్కవాడి రికార్డు దించారా అన్న దగ్గర.

నా కష్టం కూడా దాచను. మా కాలేజీకి కంపెనీలు పెద్దగా రాలేదు. డిగ్రీ అయ్యాక ఉద్యోగం వెతుక్కుంటూ హైదరాబాద్ అమీర్‌పేట హాస్టల్లో ఎనిమిది నెలలున్నాను. అమ్మకు ఫోన్ చేసి ఏడ్చిన రోజులున్నాయి. అందుకే ఏ కాలేజీ అయినా ఒకటేనని ఎవరన్నా చెబితే నమ్మకండి.

దర్శి నుంచి (బుధవారం, ఉదయం 6.50)

అక్కగారి మాట బాగుంది గానీ ఆ ఎనిమిది నెలలు అందరూ తట్టుకోలేరు. నేను తట్టుకోలేకపోయాను. చాలా కంపెనీలు కాలేజీ పేరు చూసే క్యాంపస్‌కు వస్తాయి. ఆఫ్ క్యాంపస్‌లో, అంటే కాలేజీ బయట సొంతంగా, లక్షమంది దరఖాస్తు చేస్తే మన రెజ్యూమె ఎవరూ తెరవను కూడా తెరవరు. నాకు పాఠాలు వచ్చు, అడిగేవాళ్లే దొరకలేదు. ఇప్పుడు చీమకుర్తిలో గ్రానైట్ కంపెనీలో లెక్కలు రాస్తున్నాను. ఇంకో మాట. అబ్బాయి అయితే ఇంత ఆలోచించేవాళ్లా? ఆడపిల్ల గనక దగ్గర్లో ఉంటే చాలనుకుంటున్నారేమో, మీ మనసును ఒకసారి అడగండి.

కొండపి అన్న (బుధవారం, ఉదయం 7.30)

ఆ మాట గుచ్చుకుంది, కానీ అడగాల్సిందే. లేదన్నా. ఇంటర్ నెల్లూర్లో హాస్టల్లోనే చదివింది. దూరానికి నేనేం భయపడను, అప్పుకే భయం.

నెల్లూరు కుర్రోడు (ఉదయం 8.05)

ఇంటర్ నెల్లూర్లోనే అంటున్నారు గదా, మరి తిరుపతి ఎస్వీ యూనివర్సిటీ కాలేజీ, అనంతపురం జేఎన్టీయూ పెట్టండి. మా వాళ్లంతా ముందు అవే పెడతారు. అలాగే కొత్త బ్రాంచీలు కూడా చూడండి. ఏఐ అండ్ ఎంఎల్ (కృత్రిమ మేధ, మెషిన్ లెర్నింగ్), డేటా సైన్స్. రాబోయేదంతా అదే.

రిటైర్డ్ మాస్టారు, కావలి (ఉదయం 9.20)

అబ్బాయ్, అక్కడ చిన్న పొరపాటుంది. ప్రకాశం జిల్లా ఆంధ్రా యూనివర్సిటీ లోకల్ ఏరియా, నెల్లూరు ఎస్వీ యూనివర్సిటీ లోకల్ ఏరియా. కావలి దాటి ఉత్తరానికి పోతే ఏరియానే మారిపోతుంది. 85 శాతం సీట్లు లోకల్ పిల్లలకే. ఇంటర్‌తో ముగిసే నాలుగేళ్లు ఒకే ఏరియాలో చదివితే అదే లోకల్. ఈ అమ్మాయి తొమ్మిది, పది ప్రకాశంలో, ఇంటర్ నెల్లూర్లో చదివింది, కాబట్టి అలా తేలదు. అప్పుడు ఆరో తరగతి నుంచి ఏడేళ్లు లెక్క వేస్తారు. ఆరు నుంచి పది వరకు కొండపిలోనే అయితే అయిదేళ్లు ఇటు, రెండేళ్లు అటు. అంటే ఆంధ్రా యూనివర్సిటీ లోకల్. తిరుపతి, అనంతపురం కాలేజీల్లో ఈ అమ్మాయికి మిగిలేది 15 శాతంలో పోటీ. విశాఖ, కాకినాడ, విజయవాడ, గుంటూరు, నరసరావుపేట వైపు కాలేజీల్లో మాత్రం లోకల్. ఆరు నుంచి స్టడీ సర్టిఫికెట్లన్నీ దగ్గర పెట్టుకోండి.

అసలు మీ ఇంట్లో గొడవంతా ఒంగోలా, చెన్నైయా అని నడుస్తోంది. మధ్యలో గుంటూరు, విజయవాడ లేవా? కన్వీనర్ కోటా సీటుకు రీయింబర్స్‌మెంటు అర్హత ఉంటే అది ఒంగోల్లోనైనా వస్తుంది, విజయవాడలోనైనా వస్తుంది. యాజమాన్య కోటాలో చేరితే రాదు, రాష్ట్రం దాటితే రాదు. హాస్టల్ ఖర్చు ఒక్కటీ అదనం. ఆ హాస్టల్ ఖర్చుకు భయపడి చాలామంది నడిచిపోయే దూరంలో ఉన్న కాలేజీకి కట్టుబడిపోతారు, లేదా ఒకేసారి చెన్నై దాకా ఎగురుతారు.

బ్రాంచి గురించి. ఏఐ అండ్ ఎంఎల్ అయినా, డేటా సైన్స్ అయినా మొదటి రెండేళ్ల పాఠాలు దాదాపు సీఎస్ఈవే. చూడాల్సింది సిలబస్ పుస్తకం. ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ (డేటాబేస్‌ల పాఠం), నెట్‌వర్క్స్, అల్గారిథమ్స్ నాలుగూ పూర్తిగా ఉంటే చేరవచ్చు. వాటిల్లో ఒకటి తీసేసి ఆకర్షణీయమైన పేరున్న పేపర్ పెడితే వద్దు. రెండూ వస్తే నేనైతే మామూలు సీఎస్ఈకే ఓటేస్తాను. ఆ కొత్త సబ్జెక్టులు చెప్పగలిగే అధ్యాపకులు ఎన్ని కాలేజీల్లో ఉన్నారు?

సింగరాయకొండ నాన్న (ఉదయం 10.10)

మాస్టారూ, గుంటూరు, విజయవాడల్లో మాత్రం సీఎస్ఈ సెక్షన్లలో పిల్లలు కిక్కిరిసి లేరా?

రిటైర్డ్ మాస్టారు, కావలి (ఉదయం 10.45)

ఉన్నారు. మంచి ప్రశ్న వేశారు. 2024 నుంచి ఏఐసీటీఈ (సాంకేతిక విద్యను చూసే కేంద్ర సంస్థ) ఒక్కో బ్రాంచిలో సీట్ల మీదున్న పరిమితి తీసేసింది. అప్పటి నుంచి కొన్ని కాలేజీల్లో సీఎస్ఈ సెక్షన్లు విపరీతంగా పెరిగాయి. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది నిబంధన. సీట్లు పెరిగినంత తొందరగా పాఠం చెప్పేవాళ్లు పెరగరు. ప్రతి కాలేజీ వెబ్‌సైట్‌లో మాండేటరీ డిస్‌క్లోజర్ అని ఉంటుంది, అందులో అధ్యాపకుల జాబితా చూడండి. న్యాక్ గ్రేడు కాలేజీ మొత్తానికిచ్చేది. ఎన్‌బీఏ గుర్తింపు బ్రాంచి వారీగా ఇస్తారు. సీఎస్ఈకి ఎన్‌బీఏ ఉందా, దాని గడువు ఎప్పటిదాకా ఉందో అడగండి. చెన్నై కాలేజీకైనా ఇదే పరీక్ష పెట్టండి.

ట్రంక్ రోడ్డు అక్క (మధ్యాహ్నం 1.30)

దర్శి తమ్ముడి మాటతో నేను ఒప్పుకుంటున్నాను. కంపెనీలు వచ్చే కాలేజీ ఉంటే ఆ ఎనిమిది నెలలు తప్పుతాయి. అందుకే మాస్టారు చెప్పిన మధ్య దారి నాకు నచ్చింది. ఒక్కటి మాత్రం పట్టుకోండి. ఫ్లెక్సీల మీద వేసే 'అత్యధిక ప్యాకేజీ' ఒక్క పిల్లవాడిది. కేంద్రం కాలేజీలకు ర్యాంకులిచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు కాలేజీలు పంపే వివరాల్లో మీడియన్ జీతం, ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగాలొచ్చాయి అన్నవి ఉంటాయి. వరసలో సరిగ్గా మధ్యన నిలబడ్డ పిల్లకు ఎంత వచ్చిందో చెప్పేది మీడియన్. మీ నాన్నగారికి చెన్నై కాలేజీది, విజయవాడ కాలేజీది పక్కపక్కన పెట్టి చూపించండి. అవి మొత్తం యూజీ (డిగ్రీ స్థాయి) విద్యార్థుల లెక్కలు, ఒక్క సీఎస్ఈవి కావు, అది గుర్తుంచుకోండి.

తర్వాత ఒక పని రోజు, చెప్పకుండా, పదకొండు గంటలకు వెళ్లండి. అడ్మిషన్ ఆఫీసులో కూర్చోకండి. మూడో సంవత్సరం ల్యాబ్ ఎక్కడని అడగండి.

కొండపి అన్న (శుక్రవారం, రాత్రి 10.20)

నిన్న, ఇవాళ చెల్లీ నేనూ తిరిగాం. దగ్గర్లోని కాలేజీకి బైక్ మీద వెళ్లాం. ల్యాబ్ తాళం తీయించడానికే ఇరవై నిమిషాలు పట్టింది. కంప్యూటర్ల మీద గుడ్డలు కప్పి ఉన్నాయి. ఇవాళ రైల్లో గుంటూరు వెళ్లాం. అక్కడ ల్యాబ్‌లో ఇద్దరమ్మాయిలు ఒకే కంప్యూటర్ ముందు కూర్చుని ఏదో ఎర్రర్ గురించి గట్టిగా వాదించుకుంటున్నారు. చెల్లి వాళ్ల వెనకే నిలబడింది. కాసేపటికి ఒకమ్మాయి కుర్చీ జరిపి కూర్చోమంది. డేటాబేస్‌లో ఒక టేబుల్ ఇంకో టేబుల్‌తో ఎక్కడ కలవడం లేదో చూపించింది. బయటికొచ్చాక అక్క చెప్పిన భుజం మీద చెయ్యి కథ చెల్లే నాకు మళ్లీ చెప్పింది.

నాన్నకు మీడియన్ లెక్కలు చూపించాను. చెన్నైదానికీ, గుంటూరుదానికీ తేడా ఉంది, కానీ పదహారు లక్షలంత తేడా లేదు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత పాస్‌బుక్కు తీసి లోపల పెట్టేశాడు. హాస్టల్ డబ్బు ఈ ఏడాది పొగాకు వేలంలో వచ్చే సొమ్ములో సర్దుతానన్నాడు.

వెబ్ ఆప్షన్లు (సీటు కోసం కాలేజీలను వరసగా ఎంచి ఆన్‌లైన్‌లో పెట్టే జాబితా) ఇలా అనుకుంటున్నాం: ముందు విజయవాడ, గుంటూరు వైపు మామూలు సీఎస్ఈలు, తర్వాత సిలబస్ చూసి ఎంచిన ఏఐ, డేటా సైన్స్, ఆ తర్వాతే ఒంగోలు. ర్యాంకుకు రావని తెలిసిన రెండు కాలేజీలు పైన పెట్టొచ్చా మాస్టారూ? పెడితే నష్టమా?

రిటైర్డ్ మాస్టారు, కావలి (రాత్రి 10.50)

నష్టమేమీ లేదు, పైనే పెట్టండి. ర్యాంకును బట్టి పై నుంచి చూసుకుంటూ వస్తారు, రానిది వదిలేసి తర్వాతిది చూస్తారు. రాదేమోనని మంచిదాన్ని కిందికి నెట్టడమే నష్టం. రెండో విడతలో మళ్లీ ఆప్షన్లు ఇచ్చి మంచిది వస్తే మొదటి సీటు పోతుంది, వెనక్కి రాదు. అందుకే ఇప్పుడున్న సీటు కన్నా నిజంగా ఇష్టమైనవే అప్పుడు ఇవ్వండి. జాబితా ఫ్రీజ్ చేసే ముందు, అంటే ఖరారు చేసే ముందు, కాలేజీ కోడ్, బ్రాంచి కోడ్ రెండూ చెల్లితోనే ఒకసారి పైకి చదివించండి. ప్రింటు తీసి పెట్టుకోండి.